అమ్మీ పెట్టిన టోపీ

సఫారీ అంటే ఇంగ్లీషోళ్ల మాట అనుకునేదాన్ని. కాదట, అది మన సఫరే. అరబ్బీ సఫర్ ఓడలెక్కి ఆఫ్రికా తూర్పు తీరానికి చేరి, స్వాహిలీ భాషలో సఫారీ అయి కూర్చుంది. అక్కడ పక్క ఊరికి బస్సులో పోయినా సఫారీయే.

ఈ సంగతి చెప్పింది కెన్యాలో మమ్మల్ని మసాయి మారా అడవికి తీసుకెళ్లిన డ్రైవర్. మొంబాసా వైపు కుర్రాడు, మనవాడే. ఇండియా టూరిస్టులను తిప్పీ తిప్పీ కాస్త హిందీ పట్టుబడింది. బండి దగ్గర సలాం చేసి "హబారి?" అన్నాడు. "ఖబర్ అడుగుతున్నాడే!" అంది అమ్మీ ఖుషీగా. అంతే, ఇద్దరికీ దోస్తీ కుదిరిపోయింది. వాడు కితాబు అంటే అమ్మీ కితాబ్ అంటుంది. వాడు సుబిరా అంటే అమ్మీ సబర్ అంటుంది. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. స్వాహిలీలో పెద్ద వయసు ఆడవాళ్లను ఇజ్జత్‌గా 'మామా' అంటారు. "డెబ్బై ఏళ్లొచ్చాక నేను వీడికి మామనయ్యానా?" అని అమ్మీ మూడు రోజులూ నవ్వుతూనే ఉంది.

అబ్బా పోయాక అమ్మీ అంతగా నవ్వడం నేను చూడలేదు.

అబ్బా పోయింది రెండేళ్ల కిందట, మే నెలలో, కర్నూలులో. మా పెద్దోడు, అంటే భయ్యా, నైరోబీలో అకౌంటెంటు. అప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. చిన్నోడు చోటూ షార్జాలో. ఖబర్ తెలిసి దొరికిన ఫ్లైటు పట్టుకుని బయల్దేరాడు. ఇక్కడేమో కర్నూలు ఎండ. పెద్దలంతా మయ్యత్‌ను ఆపడం మంచిది కాదన్నారు. భయ్యా సరేనన్నాడు. జుహర్ తర్వాత జనాజా లేచింది. చోటూ గుమ్మంలోకి వచ్చేసరికి అసర్ అయిపోయింది. "మూడు గంటలు ఆగలేకపోయావా భయ్యా?" అన్నాడు. భయ్యా కూడా ఏడ్చీ ఏడ్చీ ఉన్నాడు. "నువ్వు ఏళ్ల తరబడి ఆగావు కదరా రాకుండా" అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఇల్లు అమ్మాలా వద్దా అని గొడవ, మరమ్మతు ఖర్చు ఎవరిదని గొడవ. చుట్టాలంతా ఆస్తి తగాదా అనుకున్నారు. కాదని మా ముగ్గురికీ తెలుసు, అమ్మీకి ఇంకా బాగా తెలుసు.

దసరా సెలవుల్లో నేనూ అమ్మీ నైరోబీ వెళ్లాం. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంటూ "ఈ వయసులో నాకు కొత్త రోగాలెందుకే" అంది కానీ, ప్రయాణం మాత్రం మానలేదు. సఫారీ రోజు తెల్లారుజామున కిందికి దిగి చూద్దుము కదా, బండి పక్కన చోటూ నిలబడి ఉన్నాడు, భుజాన బ్యాగుతో. వాడికి అమ్మీ చెప్పింది: "మీ భయ్యాకు ఆఫీసు పని, రాడు. నేనూ ఆపా మాత్రమే. నేను షార్జా దాకా రాలేను, నువ్వే వచ్చి మొహం చూపించు." భయ్యాకు చెప్పింది: "చోటూకి ఛుట్టీ దొరకలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ అమ్మీని చూశారు. అమ్మీ ముందు సీట్లో కూర్చుని తస్బీహ్ తిప్పుతోంది. "ఛుట్టీ దొరికిందేమోలే" అంది ఎటో చూస్తూ. డబ్బు కట్టేశాం, టెంట్లు బుక్కయ్యాయి. ఇక ఎవరు దిగిపోతారు?

బండిలో అమరిక ఇలా కుదిరింది. ముందు డ్రైవరు, అమ్మీ. మధ్య వరసలో భయ్యా, భాబీ, వాళ్ల ఎనిమిదేళ్ల గుడియా. వెనక నేనూ చోటూ. నారోక్ పట్నం మీదుగా ఆరు గంటల దారి. ఆ ఆరు గంటల్లో ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ల బాటిల్ కావాలన్నా నా ద్వారానే. నేను పోస్టాఫీసునైపోయాను.

మధ్యాహ్నానికి మారా చేరాం. 1,500 చదరపు కిలోమీటర్ల గడ్డి మైదానం. అక్కడొకటి అక్కడొకటి గొడుగుల్లా చెట్లు. మొదట కనబడింది, మాఫ్ చేయండి, ఒక సువ్వర్. వార్ట్‌హాగ్ అంటారు. 'లయన్ కింగ్' సినిమాలో పుంబా ఇదే. గుడియా "పుంబా! పుంబా!" అని కేకలు. తల్లి ముందు, వెనక నాలుగు పిల్లలు వరసగా. అన్నిటి తోకలూ యాంటెన్నాల్లా నిటారుగా లేచి ఉన్నాయి. ఎత్తైన గడ్డిలో ఆ తోకలు చూసుకునే పిల్లలు వెంట పోతాయట. బొరియ దగ్గరికి రాగానే పిల్లలు తలదూర్చి లోపలికి ఉరికాయి. తల్లి మాత్రం వెనక్కి తిరిగి, రివర్స్ గేరులో దిగింది. ఎవరైనా వస్తే కోరలు బయటికే ఉండాలి కదా. "మన ఖాలా తలుపు వేసుకునేటప్పుడు ఇంతే కదా, వీధంతా చూసుకుంటూ" అన్నాను. భాబీకి నవ్వాగలేదు. అమ్మీ మాత్రం "తౌబా, దాని పేరు దస్తర్‌ఖాన్ మీద ఎత్తొద్దు" అని గుడియాకు హుకుం జారీ చేసింది. పిల్ల ఆ రాత్రి భోజనాల దగ్గర 'పుంబా' అనలేక, రెండు వేళ్లు కోరల్లా పెట్టుకుని కథంతా సైగలతో చెప్పింది.

తర్వాత సింహాలు. దొరగారు వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ గాల్లో పెట్టి నిద్ర. సింహాలు రోజులో ఇరవై గంటల దాకా అలా పడి ఉండగలవట. ఒక పిల్ల వచ్చి తోక కొరికింది. ఆయన గుర్రుమన్నాడు. పిల్ల రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ వచ్చి మళ్లీ కొరికింది. కాస్త దూరంలో మూడు ఆడ సింహాలు. పిల్లలు ఒకదాని దగ్గర పాలు తాగి, లేచి, ఇంకోదాని దగ్గరికి పోయాయి. గుంపులో ఆడవన్నీ తల్లీ కూతుళ్లు, అక్కచెల్లెళ్లు, పిన్నమ్మలు. ఎవరి పిల్లకైనా ఎవరైనా పాలిస్తారు. "ఇంటి పనంతా ఆడవాళ్లు, ఆయనకు ఆరామ్. దీనికోసం ఇంత దూరం రావాలా?" అంది భాబీ. భయ్యా వినబడనట్టు కెమెరా సర్దుకున్నాడు.

మగ సింహం ఒంటరిగా రాజ్యం నిలుపుకోవడం కష్టమని డ్రైవర్ చెప్పాడు. అందుకే అన్నదమ్ములు జట్టు కడతాయి. మారాలో నాలుగు మగ సింహాల జట్టు ఒకటి ఉండేది, మస్కటీర్లు అని పేరు. అందులో కంటి మీద గాయమున్న స్కార్ ప్రపంచమంతా మషూర్. 2021లో ముసలిదై పోయింది.

"ఆ నాలుగూ అన్నదమ్ములేనా బేటా?" అంది అమ్మీ.

"అవును మామా, అన్నదమ్ములే."

"సొంత అన్నదమ్ములేనా?" ఈసారి గట్టిగా, వెనక సీటుకు వినబడేట్టు.

బండిలో ఖామోషీ. దొరగారు ఆవులించాడు.

సాయంత్రం టెంట్ల దగ్గర మగ్రిబ్‌కు ముసల్లాలు పరిచాం. డ్రైవర్ ఉత్తరం వైపు చూపించాడు. మన దగ్గర ఖిబ్లా పడమర. కెన్యా నుంచి మక్కా దాదాపు నేరుగా ఉత్తరాన ఉంటుంది. "అల్లాహ్ ఇల్లు అక్కడే ఉంది, మనమే జరిగాం" అంది అమ్మీ. భయ్యా ఇమామత్ చేశాడు. చోటూ ఒక్క క్షణం ఆగి, వెనక డ్రైవర్ పక్కన సఫ్‌లో నిలబడ్డాడు. ఏళ్ల తర్వాత తమ్ముడు అన్న వెనక నిలబడ్డాడు. సలాం ఫేరాక ఎవరి టెంటుకు వాళ్లు వెళ్లారు.

రెండో రోజు పొద్దున్నే దుమ్ములగొండి గుహ దగ్గరికి పోయాం. మన కథల్లో దుమ్ములగొండి అంటే దొంగ, పిరికి. అక్కడ చూస్తే పక్కా ఖాన్‌దాన్. ఆడవాళ్ల హుకూమత్. పిల్లలు బొరియ ముందు ఆడుకుంటున్నాయి. రెండు మగవి దూరంగా చెవులు దించుకుని నిలబడ్డాయి. పెద్ద ఆడది ఒకటి రాగానే అవి పక్కకు తప్పుకున్నాయి, కొత్త అల్లుళ్లలాగా. బయటి గుంపు నుంచి వచ్చిన మగవాటి దర్జా ఆ చిన్నపిల్లల కంటే కిందేనట. తలేక్ నది వైపు ఈ దుమ్ములగొండులను 1988 నుంచి పరిశోధకులు వంశవృక్షాలు రాసుకుంటూ గమనిస్తున్నారు. తల్లి దర్జాయే పిల్లకు వస్తుంది. ఇంకో తమాషా, తల్లి చిన్న పిల్ల వైపే నిలబడుతుంది కాబట్టి పెద్ద పిల్లల కంటే చిన్నదానికే పైచేయి.

"మన ఇంటి కానూనే" అన్నాడు భయ్యా.

నవ్వుతూనే అన్నాడు. కానీ ఎవరూ నవ్వలేదు. చోటూ కిటికీ వైపు తిరిగాడు. అమ్మీ చాలాసేపు ఏమీ అనలేదు. బండి కదిలాక మెల్లగా అంది: "పెద్దోడికి పళ్లొచ్చాయిలే అని తల్లికి ధీమా. ఆ ధీమా పెద్దోడికి చెప్పడం మర్చిపోతుంది. తప్పే."

భయ్యా జవాబివ్వలేదు. కెమెరా మాత్రం కిందపెట్టేశాడు.

ఆ పూటే టోపీ కనబడింది. టోపీ అంటే ఒక రకం జింకలాంటి జంతువు, దాని పేరే అది. చాక్లెట్ రంగు ఒళ్లు, నల్లనీలం తొడలు, పసుపు కాళ్లు. జీన్సు ప్యాంటుకు పసుపు సాక్సు తొడిగినట్టుంది. చెదల పుట్ట ఎక్కి, కదలకుండా, సర్కారీ విగ్రహంలా నిలబడింది. కాపలా కాస్తోందట. సింహం కనబడితే ముక్కుతో బుస్సుమని ఖబర్ ఇస్తుంది. దానికి మిగిలినవన్నీ అటు పోకుండా ఆగిపోతాయి.

"కానీ మామా, ఇది అబద్ధాలు కూడా ఆడుతుంది" అన్నాడు డ్రైవర్. జత కట్టే రోజుల్లో ఆడది తన హద్దు దాటి పోబోతుంటే, మగ టోపీ అటువైపే చూస్తూ బుస్సుమంటుంది. అక్కడ సింహమూ లేదు, చిరుతా లేదు. ఆడది భయపడి వెనక్కి వచ్చేస్తుంది. మారాలోనే టోపీలను గమనించినవాళ్లు 2010లో ఈ సంగతి లోకానికి చెప్పారు.

నేను ఆపుకోలేకపోయాను. "పేరుకు తగ్గట్టే టోపీ పెడుతుందన్నమాట!"

వెనక నుంచి చోటూ: "లేని సింహాన్ని చూపించి మనుషుల్ని ఒకచోటికి తోలడం. ఇది నేనెక్కడో చూశాను."

మధ్య వరసలోంచి భయ్యా, ఎవరితోనో తెలియనట్టు: "ఆఫీసు పని ఉందని, ఛుట్టీ దొరకలేదని."

అమ్మీ తస్బీహ్ స్పీడు పెరిగింది. భాబీ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. గుడియా "దాదీ టోపీ! దాదీ టోపీ!" అని మొదలుపెట్టేసరికి బండంతా నవ్వులు. ఇద్దరూ నవ్వారు. ఒకరితో ఒకరు కాదు, ఒకే సంగతికి. నాకు అదే చాలనిపించింది.

మధ్యాహ్నం, బండి దిగడానికి ఇజాజత్ ఉన్న చోట చెట్టు కింద చపాతీలు, ఉడికించిన గుడ్లు, అమ్మీ కర్నూలు నుంచి తెచ్చిన ఉల్లిగడ్డ కారం విప్పాం. అక్కడా చపాతీని చపాతీయే అంటారు, చాయ్‌ని చాయ్‌యే. దస్తర్‌ఖాన్ పరిచామో లేదో ఒక బబూన్ కోతి దూకి, చోటూ చేతిలో చపాతీ లాక్కుపోయింది. దాని కోసం ఇంకోటి ఎగబడింది. రెంటికీ అరుపులు, పళ్లు బయటపెట్టడాలు, ఒకదాని వెంట ఒకటి చెట్టు చుట్టూ పరుగులు. ఏదో ఒకటి చస్తుందేమో అనిపించింది. కారం రాసిన చపాతీ కదా, నోట్లో పెట్టుకున్నదే ఉమ్మేసింది.

కాసేపటికి చూస్తే, ఓడిపోయినదాని పక్కకు గెలిచినది వచ్చి కూర్చుంది. గొంతులోనే మెల్లగా హుఁ హుఁ అంది. 'ఏం చెయ్యనులే, హమ్లా అయిపోయింది' అని మాట ఇచ్చే పద్ధతట అది. తర్వాత దాని వీపు మీది వెంట్రుకలు పాయలు తీసి పేలు ఏరడం మొదలుపెట్టింది. ఇదేమో కళ్లు మూసుకుని, మా నానీ తలకు నూనె రాయించుకున్నట్టు సుఖంగా కూర్చుంది.

గుడియాకు అర్థం కాలేదు. "దాదీ, ఇందాకే లడాయి అయింది కదా. మర్చిపోయాయా?"

"మర్చిపోలేదు బేటీ" అంది అమ్మీ. "వీపు మీది పేలు ఎవరికి వాళ్లు తీసుకోలేరు. అందుకని."

మూడో రోజు పొద్దున మారా నది ఒడ్డుకు చేరాం. ఏటా జులై ప్రాంతంలో లక్షల వైల్డ్‌బీస్టులు టాంజానియా సెరెంగెటి నుంచి గడ్డి కోసం ఇటు వస్తాయి, అక్టోబర్ వచ్చేసరికి తిరుగు దారి పడతాయి. స్వాహిలీలో వీటిని న్యుంబు అంటారు. ఆవు మూతి, మేక గడ్డం, గుర్రం తోక, ఏ దుకాణంలో ఏది మిగిలితే అది తెచ్చి కుట్టినట్టుంటుంది. ఆ రోజు ఒడ్డున వేలల్లో నిలబడ్డాయి. మధ్యలో జీబ్రాలు, కొన్ని జంటలుగా, ఒకదాని వీపు మీద ఒకటి గడ్డం ఆనించి. అలా నిలబడితే ఒకటి ఇటు చూస్తుంది, ఒకటి అటు చూస్తుంది, ఒకదాని తోక ఇంకోదాని మొహం మీది ఈగలు తోలుతుంది.

నదిలో మొసళ్లు. అవతల పచ్చగడ్డి. అన్నిటికీ దాటాలనే ఉంది. ఏదీ ముందు దిగదు. ఒక న్యుంబు నీటి అంచుదాకా వస్తుంది, వాసన చూస్తుంది, ఒక్కసారి ఉలిక్కిపడి వెనక్కి పరిగెడుతుంది. దాని వెనక వేలూ పరిగెడతాయి. దుమ్ము లేస్తుంది. ఐదు నిమిషాల్లో అన్నీ మళ్లీ అదే చోట. వీటికి ఫలానా నాయకుడని ఉండడు. ఎవరు ముందు కాలు పెడితే వాళ్ల వెనక మిగిలినవాళ్లు.

గంట గడిచింది. రెండు గంటలు. చీకటిపడకముందే నైరోబీ చేరాలి. డ్రైవర్ గడియారం చూసుకుని, "ఏం చేద్దాం? ఒక్కోసారి ఇవి దాటకుండానే తిరిగి పోతాయి" అన్నాడు. భయ్యా సంగతి మాకు తెలుసు. లెక్కల మనిషి, ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఊపిరాడదు. పైకెత్తిన టాప్‌లోంచి చోటూ అటే చూస్తూ నిలబడి ఉన్నాడు. "వెళ్లిపోదాంలే ఆపా" అన్నాడు నాతో, కళ్లు నది మీదే ఉన్నాయి.

భయ్యా వాడి వైపు చూశాడు. తర్వాత డ్రైవర్‌తో అన్నాడు: "ఆగుదాం. వాడికి చూడాలనుంది. ఎంతసేపైనా ఆగుదాం."

డ్రైవర్ ఇంజన్ ఆపేసి, వాళ్ల సామెత ఒకటి చెప్పాడు. "హరాకా హరాకా హైనా బరాకా." తర్జుమా అక్కర్లేకపోయింది. తొందరపాటులో బర్కత్ లేదు. భయ్యా తల దించుకున్నాడు. పాపం, ఆ కుర్రాడికి మా కథేం తెలుసు?

ఇంకో గంటకు అయ్యుంటుంది. ఒక జీబ్రా నీళ్లలో దిగింది. దాని వెనక ఒక న్యుంబు గాల్లోకి ఎగిరి దూకింది. ఇంకోటి. ఇంకో పది. ఆ తర్వాత లెక్కలేదు. గట్టు విరిగి పడినట్టు ఉరికాయి. ఆ హోరులో చోటూ, ఏం చేస్తున్నాడో తెలియకుండానే, పక్కన నిలబడ్డ భయ్యా భుజం పట్టుకుని ఊపేశాడు.

"భయ్యా, దేఖ్! దేఖ్ భయ్యా!"

"దేఖ్‌రౌఁ రే, దేఖ్‌రౌఁ" అన్నాడు భయ్యా. ఆయన మాత్రం నది వైపు చూడటం లేదు.

నేను ముందు సీటు వైపు వంగాను. అమ్మీ చేతిలో తస్బీహ్ ఆగిపోయి ఉంది.

నైరోబీ చేరేసరికి బాగా రాత్రయింది. పిల్ల నిద్రపోయింది. ఏ రెండింటికో నేను నీళ్లకు లేస్తే, బాల్కనీలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. వినకూడదనుకున్నాను కానీ ఒక్క మాట చెవిన పడింది.

"ఆఖర్లో నన్ను అడిగారా?" చోటూ గొంతు.

"అడిగారు. మూడుసార్లు. నేను నీకు చెప్పి ఉండాల్సింది."

కర్నూలు ఇల్లు ఇంకా అలాగే ఉంది. అమ్మాలా వద్దా అనేది తేలలేదు, మరమ్మతు లెక్క కూడా తేలలేదు. కానీ ఇప్పుడు ఆ లెక్క గురించి ఇద్దరూ ఫోన్లో నేరుగా కొట్లాడుకుంటున్నారు. నా పోస్టాఫీసు మూతబడింది, అల్‌హమ్దులిల్లాహ్.

మొన్న అమ్మీ ఉన్నట్టుండి అంది: "గుజరాత్‌లో గిర్ అడవి ఉందట కదా, సింహాలుంటాయట. ఈ సంక్రాంతి సెలవుల్లో పోదామా?"

"ఎందుకు అమ్మీ? ఈసారి ఎవరికి టోపీ?"

అమ్మీ తస్బీహ్ తీసింది. "నీ నంద్‌తో నువ్వు మాట్లాడి ఎన్నాళ్లయిందే?"